పండుగ తాడు దగ్గర మోయించిన రాళ్ళు

ఆ రోజు పొద్దున వాగు ఒడ్డున ఉన్న సామాను: గడ్డపారలు పన్నెండు, పారలు పది, ఒక ఎడ్లబండి నిండా తట్టలు, ఆఫీసు నుంచి తెచ్చిన సిమెంటు తూములు నాలుగు, నేను కొలిచి పాతిన మేకులు, మేకుల మధ్య లాగి కట్టిన పురికొస, ఒక షామియానా, రెండు కుండల మజ్జిగ, ‘శ్రమదాన మహోత్సవం’ అని ఎర్రరంగుతో రాసిన గుడ్డ.

ఉన్న మనుషులు: మహిళా మండలి అధ్యక్షురాలు, వాళ్ళ ఇంటి జీతగాడు, బడి హెడ్మాస్టరు, షామియానా తెచ్చినవాడు, నేను. షామియానా వాణ్ణి తీసేయాలి. అతను కిరాయికి వచ్చాడు. హెడ్మాస్టరును కూడా తీసేయాలి. ఆయన ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చాడు, ఇచ్చాడు కూడా.

రావలసినవాళ్ళు: ఇంటికొకరు చొప్పున ఊరంతా.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరు పిల్లలు ఇప్పుడు నన్ను కలిసినప్పుడు, ప్రజల భాగస్వామ్యంతో పని చేయించడం ఎలా సార్ అని అడుగుతుంటారు. వాళ్ళ శిక్షణ పుస్తకంలో దాని మీద ఒక అధ్యాయం ఉందట. బాణం గుర్తులతో బొమ్మ కూడా ఉందట. ఆ బొమ్మలో తాడు ఉందా అని అడుగుతాను. లేదంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదటి సంవత్సరాలు. నాది మధిర దగ్గర పల్లె. పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించి, జూనియర్ ఇంజనీరుగా మొదటి పోస్టింగు జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట పడింది. భద్రాచలం పోయే రోడ్డు దిగి ఒక ఫర్లాంగు లోపలికి నడిస్తే వాగు, వాగు దాటితే ఊరు. ఊరికి రెండు భాగాలు. ఇవతలి భాగంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కుని పత్తి, మిరప వేసే రైతుల ఇళ్ళు. అవతలి భాగం గూడెం. అక్కడ కోయవాళ్ళ ఇళ్ళు. రెండు భాగాలకూ కలిపి ఒక బడి, ఒక మహిళా మండలి.

ఆ బడి ఏడో తరగతి వరకే. హైస్కూలు రోడ్డు మీది పెద్ద ఊళ్ళో ఉంది. జూన్ నుంచి వాగు నడుములోతు పారుతుంది. మగపిల్లలు చొక్కాలు విప్పి తలకు చుట్టుకుని దాటేవాళ్ళు. ఆడపిల్లలు చొక్కా విప్పలేరు కాబట్టి ఏడుతో చదువు ఆపేసేవాళ్ళు. వాగు మీద చప్టా వేస్తే, అంటే అడుగున తూములు పెట్టి, రాళ్ళు పేర్చి, పైన సిమెంటు పోసి బండి పోయేలా చేస్తే, ఊళ్ళోకి బస్సు వేస్తామని డిపో వాళ్ళు ఒప్పుకున్నారు. బడులు తెరిచేలోగా ఒకసారి బస్సు తెచ్చి చూస్తామనీ, దాటలేకపోతే ఆ బస్సును వేరే ఊరికి పంపిస్తామనీ చెప్పారు. మా ఆఫీసు తూములు, సిమెంటు ఇస్తుంది. మనుషుల పని మహిళా మండలిది.

అధ్యక్షురాలు రైతుల ఇంటి ఆవిడ. మనిషి నిండుగా ఉంటుంది, మాట ఇంకా నిండుగా ఉంటుంది. కార్యదర్శి గూడెం ఆమె, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కూతురు ఆ ఏడే ఏడో తరగతి పాసయింది. మేనమామ ఇంటివాళ్ళు అప్పటికే రెండుసార్లు కల్లు కుండతో వచ్చి పిల్లను అడిగి పోయారు.

“బస్సొస్తె బడికి పోతది, రాకుంటె అత్తింటికి పోతది,” అన్నది ఆమె నాతో మొదటిరోజే. “మా ఆయన గట్లనే మాటిచ్చిండు వాళ్ళకు. జూన్ దాక ఆగమన్నడు. మరి నువ్వు జల్దీ జెయ్యాలె సారూ.”

జల్దీ చేయడానికి నేను సిద్ధమే. మహిళా మండలి మంగళవారం మంగళవారం కూర్చునేది. చప్టా ఎక్కడ వేయాలన్నది ఒక్క మంగళవారంలో, టీ రాకముందే తేలిపోయింది. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందు రావాలన్నది మూడు మంగళవారాలు పట్టింది. చివరికి ఎవరి పేరూ వద్దనుకుని, ఆ రాయి తెప్పించడమే మానేశారు. నాలుగో మంగళవారం నేను శ్రమదానం తేదీ చెప్పాను. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాను.

కార్యదర్శి మెల్లగా, “పండుగ అడ్డమొస్తదేమో సారూ,” అన్నది.

నేను గోడ మీది క్యాలెండరు చూశాను. ఆ వారం పైవారం ఆదివారాలు తప్ప ఎర్ర అంకె లేదు. ఏ పండుగా లేదమ్మా అన్నాను. ఆమె తల ఊపింది.

అధ్యక్షురాలు నన్ను ధైర్యంగా ఉండమన్నది. “ఇంజనీరు బాబూ, జనం సంగతి నాకొదిలేయండి. మా ఆడపడుచు పెళ్ళికి ఊరు ఊరంతా కదిలొచ్చింది. పిలిచే మనిషి పిలిస్తే రాకుండా ఎక్కడికి పోతారు?”

ఎక్కడికి పోయారో తెలుసుకోవడానికి, హెడ్మాస్టరు ఉపన్యాసం ముగిశాక, నేను వాగు దాటి గూడేనికి వెళ్ళాను. కార్యదర్శి ఇంటి ముందు చాటలో విత్తనాలు చెరుగుతున్నది. పక్కన మంచం మీద గూడెం పెద్ద, తెల్లటి తలపాగా ముసలాయన, పొగాకు చుట్టుకుంటున్నాడు.

“ఏంటమ్మా ఇది? ఒక్క మనిషి రాలేదు!”

“ఎట్లొస్తరు సారూ? భూమి పండుగ గాలేదు. పండుగ గాకముందు భూమిల గడ్డపార దించొద్దు. విత్తనం బెట్టొద్దు, గుంత తవ్వొద్దు.”

“మరి మీటింగులో చెప్పాలి కదా!”

“జెప్పిన. నువ్వు క్యాలెండర్ జూసి లేదన్నవ్. సర్కారు క్యాలెండర్ల మా పండుగ ఎందుకుంటది?”

“ఎందుకు లేదో అప్పుడే చెప్పొచ్చుగా?”

“నువ్వు గట్టిగ జెప్పినవ్ గద సారూ. గట్టిగ జెప్పెటోళ్ళకు ఎదురు మాట్లాడుతె మీటింగు పొడుగైతది.”

నేను ముసలాయన వైపు తిరిగి పండుగ ఎప్పుడని అడిగాను. ఆయన చుట్ట ముట్టించుకున్నాడు. ఆకాశం చూశాడు. పక్కన తిరుగుతున్న తుమ్మెదను చూశాడు. “జెప్పుత,” అన్నాడు.

రెండు రోజుల తర్వాత, పండుగ ఆ రోజే మొదలని చెప్పాడు. నేను సంతోషించాను. ఆ సంతోషం సాయంత్రం వరకు ఉంది. సాయంత్రం గూడెం మగవాళ్ళంతా విల్లులు, బాణాలు పట్టుకుని వరసగా అడవిలోకి పోతుంటే కార్యదర్శిని అడిగాను, ఎక్కడికి అని.

“వేటకు. పండుగ వేట. ఇంట్ల ఉన్న మొగోణ్ణి ఆడోళ్ళు నవ్వి నవ్వి సంపుతరు.”

“ఎప్పుడొస్తారు?”

“వేట దొరికినంక.”

“దొరక్కపోతే?”

“దొరికినంకనే వస్తరు సారూ. వట్టి చేతులతో వస్తె పేడనీళ్ళు గుమ్మరిస్తం గద, ఎట్లొస్తరు?”

ఉత్తరం రాసి మా పెద్ద ఇంజనీరు గారికి పంపుదామని కూర్చున్నాను. ఆలస్యానికి కారణం అన్నచోట ఏం రాయాలో తోచలేదు. జింక దొరకలేదు అని రాస్తే ఉద్యోగం ఉంటుందా?

ఆ మంగళవారం మీటింగులో అధ్యక్షురాలు నిప్పులు చెరిగింది. “వేటకు తీరికుంది గానీ వాగుకు లేదా? బడి మీ పిల్లలకు కాదా?”

కార్యదర్శి చాప మీద నుంచి లేవకుండానే జవాబు చెప్పింది. “మా మొగోళ్ళకు పండుగున్నదమ్మా. మీ మొగోళ్ళకు ఏమున్నది? ఆ పొద్దు వాళ్ళెందుకు రాలే?”

ఇది నిజం. రైతులు, గూడెం వాళ్ళు దిగితే మేమూ దిగుతాం అన్నారు. పేకముక్కలు దించకుండానే అన్నారు. అధ్యక్షురాలు విసనకర్ర కింద పెట్టింది.

“ఉన్న ఆడవాళ్ళం ఏం చేయగలం చెప్పు మరి,” అన్నది, గొంతు తగ్గించి.

“మేం రేపటిసంది రోడ్డు మీద తాడు కడతం,” అన్నది కార్యదర్శి.

ఇది తెలియనివాళ్ళకు చెప్పాలి. మగవాళ్ళు వేటకు పోయిన రోజుల్లో గూడెం ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని, వచ్చే పోయే బండ్లను ఆపి, పాడి, ఆడి, పండుగ పైసలు అడుగుతారు. ఇవ్వనిదే తాడు దించరు. అది వాళ్ళ హక్కు. ఆ దారిన తిరిగే డ్రైవర్లందరికీ తెలుసు.

అధ్యక్షురాలు కళ్ళు చిన్నవి చేసి చూసింది. “పైసలకు బదులు పని అడిగితే?”

“భూమి తవ్వొద్దు.”

“తవ్వద్దు. గుట్ట కింద రాళ్ళున్నాయిగా. మోస్తే?”

కార్యదర్శి లేచి ముసలాయనను అడగడానికి పోయింది. ఆయన ఎంతసేపు ఆలోచించాడో నాకు తెలియదు, నేను టీ మూడోసారి తాగాను. తిరిగొచ్చి చెప్పింది: “పైన పడున్న రాయి ఎత్తుకపోతె భూమికేమైతది అన్నడు. అవ్ గద!”

ఇందులో నన్ను అడిగినవాళ్ళు ఎవరూ లేరు. చప్టాకు రాయి ఎంతుండాలో, ఏ రాయి పనికి రాదో నేను చెప్పడం మొదలుపెట్టేసరికి గది ఖాళీ.

మర్నాడు తాడు పడింది. వాగు దారి మొదట్లో, రోడ్డు మీద, ఇటు పదిమంది అటు పదిమంది. గుట్ట అక్కడే. ఈసారి తాడు ఒక కొస పట్టుకున్నది రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు. అధ్యక్షురాలు ఇంటి నుంచి కుర్చీ తెప్పించుకుని, జరీ అంచు చీర కట్టుకుని, టోల్‌గేటు ఆఫీసరులా రోడ్డు పక్కన కూర్చుంది.

మొదట బీడీల తునికాకు లారీ వచ్చింది. డ్రైవరు అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు.

“పైసలొద్దన్నా,” అన్నది కార్యదర్శి. “దిగు. ఒక్క రాయి వాగు దాక.”

“ఏంది?”

“రాయి. గా గుట్ట కింద ఉన్నయి. ఎంచుకో.”

“పైసలు ఎక్కువ తీసుకో అక్కా, గిదేం పండుగ!”

“మా పండుగ మేమెట్లంటె గట్ల.”

లారీ మీద కూలీలు నవ్వుతూ దూకారు. తర్వాత ఖమ్మం వైపు నుంచి భద్రాచలం పోయే భక్తుల వ్యాను. అందులో ఒక పెద్దాయన, దేవుడి దర్శనానికి పోతుంటే రాళ్ళు మోయించడం పాపం అన్నాడు. “వంతెన కట్టడానికి కోతులే మోశాయండీ,” అన్నది అధ్యక్షురాలు కుర్చీలోంచి. ఆయన దిగాడు.

నా బాధ వేరు. పునాదిలో వేసే రాయి ఒక మనిషి రెండు చేతులతో ఎత్తగలిగేంత ఉండాలి. వీళ్ళు కొబ్బరికాయంత తెస్తారు, నిమ్మకాయంత తెస్తారు. ఒకామె దర్శనానికి పోతున్నాను కదా అని గులకరాయి కడిగి తెచ్చింది. వాగు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెప్పాను: పెద్దవి ఎడమకు, చిన్నవి కుడికి, గుండ్రటివి వద్దు. ఎడమేది, నీ ఎడమా మా ఎడమా అని అడిగారు. సగంమంది నా పురికొస తొక్కి తెంపారు. మధ్యాహ్నానికి మేకులు కూడా కనపడలేదు. ఆ పైన నేను కేకలు వేయడం మానేసి, వేసిన రాయిని మళ్ళీ తీసి వేయడం మొదలుపెట్టాను.

అప్పుడే పెళ్ళి ట్రాక్టరు వచ్చింది. పెళ్ళికొడుకు బాసికంతో సహా దిగి, అరచేతిలో పట్టేంత రాయి పట్టుకుని వస్తుంటే, తాడు దగ్గరి ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

“ఓ పెండ్లికొడుకా, గంతేనా? రేపు పెండ్లాన్ని ఎట్ల ఎత్తుకుంటవ్?”

“ఆమెనే ఎత్తుకుంటది పోనియ్యే!”

అతను ఎర్రబడి, వెనక్కి పోయి, తన తలకంటే పెద్ద బండ ఎత్తుకుని, కాళ్ళు వణుకుతుండగా ఫర్లాంగు నడిచి, నేను చెప్పిన చోటే వేశాడు. ఆ రోజు నేను చెప్పిన చోట రాయి వేసిన ఒకే ఒక్క మనిషి ఆ పెళ్ళికొడుకు. అతను ఎవరో, ఎక్కడివాడో తెలియదు. చల్లగా ఉండాలి.

పొద్దు వాలుతుండగా మా ఆఫీసు జీపు వచ్చింది. లోపల మా పెద్ద ఇంజనీరు గారు. నేను పరుగెత్తుకుంటూ వచ్చేసరికి తాడు జీపు బానెట్‌కు ఆనుకుని ఉంది.

“ఏమయ్యా, మన జీపుకే తాడా?”

“నేను కట్టలేదు సార్.”

“మరి నువ్వేం చేస్తున్నావ్?”

“సైజు చూస్తున్నాను సార్.”

ఆయన ఇంకేదో అనబోయాడు. కార్యదర్శి తాడు దించకుండానే వంగి లోపలికి చూసింది. “పెద్దసారువంట గద, చిన్నసారు నీకంటె పెద్ద రాయి మోసిండు. జూస్తం దిగు.”

ఆయన దిగాడు. బూట్లతో, గళ్ళ టోపీతో, మోశాడు. తిరిగి జీపెక్కుతూ నాతో ఒకే మాట అన్నాడు: “ఇది రిపోర్టులో రాయకు.”

మగవాళ్ళు తిరిగి వచ్చేసరికి వాగు రెండు ఒడ్లా మనిషెత్తు రాళ్ళు. వాళ్ళు తెచ్చిన వేట రెండు కుందేళ్ళు. ఊరి పొలిమేరలో ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో సిద్ధంగా ఉన్నారు. రెండు కుందేళ్ళు వేట కిందికి వస్తాయా రావా అని పెద్ద తగువు పడింది. ముసలాయన వస్తాయన్నాడు. అయినా రెండు కుండలు పొరపాటున జారాయి. పూజ అయింది, విత్తనాలు పంచారు, మర్నాడే గడ్డపారలు దిగాయి. రైతులు కూడా వచ్చారు. పెళ్ళికొడుకు మోశాడు, మీకేం తక్కువ అని వాళ్ళ ఇళ్ళలో రోజూ భోజనాల దగ్గర వినిపించిందట. తవ్వకం, తూములు, రాళ్ళ పేర్పు, పైన సిమెంటు, అన్నీ అయ్యాయి. ఇక తడి గోనెసంచులు కప్పి, సిమెంటు గట్టిపడేదాకా ఎవరూ తొక్కకుండా ఉంచడమే మిగిలింది.

అప్పుడు డిపో నుంచి కబురు వచ్చింది: ఆ బస్సు తర్వాత వేరే పనికి పోతుంది, ఎల్లుండే వచ్చి చూస్తాం. నేను సైకిలు మీద రోడ్డు దాకా, అక్కణ్ణుంచి లారీ మీద డిపోకు పోయి, సిమెంటు పచ్చిగా ఉందని చెప్పాను. కావాలంటే వచ్చే ఏడు చూద్దాం అన్నారు.

వచ్చే ఏడు అన్న మాట కార్యదర్శికి ఆమె ఇంటి దగ్గర చెప్పాను. కూతురు లోపల పాత పుస్తకాలకు అట్టలు వేస్తున్నది. ఎనిమిదో తరగతి పుస్తకాలు, ఎవరో అబ్బాయివి. ఆమె లోపలికి ఒకసారి చూసి, “ఎల్లుండే రానియ్యి సారూ,” అన్నది.

బస్సు వచ్చింది. డ్రైవరు, కండక్టరు, డిపో ఇన్‌స్పెక్టరు. నేను ఇన్‌స్పెక్టరుకు స్పష్టంగా చెప్పాను: ఖాళీ బస్సు, మనిషి నడక వేగం, సరిగ్గా మధ్యలోంచి. ఆయన సరే అన్నాడు. డ్రైవరు సరే అన్నాడు. నేను చప్టా అవతలికి పోయి, చెయ్యి ఊపడానికి వెనక్కి తిరిగి చూస్తే బస్సు నిండిపోయి ఉంది. మహిళా మండలి మొత్తం ఎక్కింది. చంకల్లో పిల్లలు. ఎవరో మేకపిల్లను కూడా ఎక్కించారు.

“దిగండి! ఖాళీగా రావాలని చెప్పానా!”

“మేం కట్టినం,” అని కిటికీలోంచి కార్యదర్శి. “మేమెక్కకుంటె ఎవరెక్కుతరు?”

“ఇంజనీరు బాబూ, మీరు పక్కకు జరగండి, తగులుతుంది,” అని ముందు సీట్లోంచి అధ్యక్షురాలు.

డ్రైవరు నన్ను చూశాడు, వాళ్ళను చూశాడు, గేరు వేశాడు. నేను చేయగలిగింది పక్కకు జరగడమే. జరిగాను. చప్టా మీద బస్సు ఎంతసేపు ఉందో చెప్పలేను. ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రాలు ఈ ఒడ్డు ఎక్కుతుండగా అంచు దగ్గర టక్కుమన్నది. అరచేతి పొడవున పగులు.

ఇన్‌స్పెక్టరు దిగి, చప్టా చూస్తానని వెనక్కి నడిచాడు. నేను ఆయన వెనకాల నడుస్తూ, పగులు చూపించి, అంచును మళ్ళీ పోస్తే సరిపోతుందని వివరించడానికి మనసులో మూడు వాక్యాలు తయారుచేసుకున్నాను. అవసరం రాలేదు. అధ్యక్షురాలు అప్పటికే అక్కడ ఉంది. సరిగ్గా పగులు మీద నిలబడి, చీర కుచ్చెళ్ళు పరచుకుని, ఆయనకు చెంబుతో మజ్జిగ అందిస్తున్నది.

“ఎండ మాడిపోతోందండీ, తాగండి. ఇంకొంచెం. అయ్యో, మా ఇంటి మజ్జిగండీ, కాదనకూడదు.”

ఆయన మూడు చెంబులు తాగి, పగలని భాగమంతా చూసి, బాగుందని నా చెయ్యి ఊపి పోయాడు. మర్నాడు ఆ అంచును పగలగొట్టి మళ్ళీ పోశాను. ఈసారి గోనెసంచుల మీద ఎవరూ నడవకుండా కార్యదర్శి అక్కడే కూర్చుంది. మేనమామ ఇంటివాళ్ళు ఆ వారంలోనే వచ్చారు. చప్టా మీదుగా నడిచి వచ్చి, కల్లు కుండతో వచ్చినట్టే తిరిగి పోయారు. పోయేటప్పుడు ఆమె వాళ్ళతో, “బస్సుల పొండ్రి, రేపు పొద్దుగాల వస్తది,” అన్నదట.

పిల్లలూ, మీరు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మనుషులను పిలిస్తే రారు, పిలవనప్పుడు బస్సెక్కుతారు. కుడి అంటే ఎడమ వేస్తారు. తేదీ చెప్పేముందు ఊరి పండుగ ఎప్పుడో ఊరివాళ్ళనే అడగండి, రెండుసార్లు అడగండి, వాళ్ళు మెల్లగా చెప్పినా వినండి. అంతకుమించి నాకు తెలిసిందేమీ లేదు. అంత తంటాలు పడ్డాక కూడా ఆఖరికి కొన్ని ఇళ్ళు కదలలేదు. బస్సు గుమ్మం ముందుకు వచ్చినా, ఆడపిల్లకు ఇంతకంటే చదువెందుకన్నారు. అధ్యక్షురాలి మరిది ఇల్లు కూడా అందులో ఒకటి. ఆవిడ ఆ ఇంటికి ఎన్నిసార్లు పోయి అరిచిందో ఊరంతా విన్నది.

ఆ ఏడు ఊళ్ళో ఏడో తరగతి పాసైన ఆడపిల్లలు తొమ్మిదిమంది. హైస్కూల్లో చేరింది ఆరుగురు.